బాజీ పాస్ చేసిన జీపు

ప్రత్తిపాడు చుట్టుపక్కల పాత బండి కొనాలనుకున్నవాళ్లు మొదట ఇంట్లోవాళ్లను అడుగుతారు, తర్వాత బాజీని అడుగుతారు. ఇంట్లోవాళ్లు వద్దన్నా కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. బాజీ వద్దన్న బండి కొన్నవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరూ తర్వాత అతని షెడ్డు ముందునుంచి వెళ్లాల్సి వస్తే రోడ్డుకు అవతలి పక్కన నడిచేవారు.

2002 నాటికి బాజీకి నలభై ఎనిమిదేళ్లు. వాళ్ల నాన్న ఎడ్లకు నాడాలు కొట్టేవాడు. ఊళ్లోకి ట్రాక్టర్లు వచ్చి నాడాల పని తగ్గేసరికి, కొడుకు ఐదో తరగతి కాగానే గుంటూరు తీసుకెళ్లి ఒక లారీ షెడ్డులో అప్పగించి వచ్చాడు. అక్కడ బాజీ పన్నెండేళ్లు లారీల కింద వెల్లకిలా పడుకుని గడిపాడు. లైటు పట్టుకునే మనిషి ఉండేవాడు కాదు. పట్టుకున్నా ఆ వెలుగు మేస్త్రీ ఉన్నవైపే పడేది. అందుకని బాజీ తడిమి తడిమి పని నేర్చుకున్నాడు. ఏ బోల్టు ఎంత బిగిసింది, ఏ బేరింగు అరిగింది, ఏ గొట్టం కారుతోంది, అన్నీ వేళ్లు చెప్పేవి. సొంత ఊరికి వచ్చి షెడ్డు పెట్టుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. బండి చూడమంటే గోనెపట్టా పరుచుకుని కిందికి దూరి, కళ్లు మూసుకుని, చేతులతో చూసేవాడు. బయట నిలబడ్డ రైతులకు అదొక వింతగా ఉండేది. బాజీ చెయ్యి పెట్టి చూశాడంటే ఇంక ఆ బండికి తిరుగులేదని చెప్పుకునేవారు. అలా చెప్పుకుంటారని బాజీకి తెలుసు. వినపడనట్టు ఉండేవాడుగానీ, వినడం అతనికి ఇష్టమే.

ఈ పనికి అతను పెట్టుకున్న నియమం ఒకటే. కొనేవాడి దగ్గర బస్సు చార్జీ, ఒకపూట భోజనం. అమ్మేవాడి దగ్గర టీ కూడా తాగడు. ఈ పని మొదలుపెట్టిన పన్నెండేళ్లలో అతను పాస్ చేసిన బళ్లు యాభైకి పైనే ఉంటాయి. ఒక్కటి కూడా తిట్టుకుంటూ అతని షెడ్డుకు తిరిగి రాలేదు.

ఆ ఏడాది ఏప్రిల్ మొదటివారంలో చినగుంటపాలెం ఆదెయ్య అతని దగ్గరకు వచ్చాడు. తారురోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు డొంకలో వెళ్తే చినగుంటపాలెం. డొంక మొత్తం నల్లరేగడి. ఎండాకాలం దుమ్ము, వానాకాలం జిగురు. ఊళ్లో నలభై ఇళ్ల పాలు క్యాన్లలో పోయించుకుని పొద్దున ఏడులోగా ప్రత్తిపాడు పాలకేంద్రానికి చేర్చే పని ఆదెయ్యది. వాన పడితే ఎద్దులబండే దిక్కు. బండి వాగు మలుపులో దిగబడి, ఎక్కేసరికి ఎండ ఎక్కేది, పాలు విరిగిపోయేవి. ఆ ఏడు మిరపకు మంచి రేటు పలికింది. ఆదెయ్య భార్య శివపార్వతి మెడలోకి చేయించాలనుకున్న గొలుసు కాస్తా జీపుకు వెళ్లింది. వెళ్లనిచ్చింది ఆమే. పాలు విరిగిన రోజు నలభై ఇళ్ల ఆడవాళ్ల చేతా మాటలు పడేది ఆమె కాబట్టి.

మామూలు జీపయితే ప్రత్తిపాడులోనే దొరికేది. ఆదెయ్యకు కావలసింది ఫోర్‌వీల్ జీపు, అంటే వెనక చక్రాలతోపాటు ముందు చక్రాలూ లాగే జీపు. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు ఒక షాఫ్టు తీసుకెళ్తుంది, ముందు చక్రాలకు ఇంకొకటి. ఆ ముందు షాఫ్టు ఉన్న జీపు ఈ ప్రాంతంలో దొరకడం కష్టం. ఎందుకంటే జనాన్ని ఎక్కించుకుని తిప్పే జీపులవాళ్లు ఫోర్‌వీల్ బండి కొన్న మర్నాడే ముందు షాఫ్టు ఊడదీయించి ఇంట్లో పడేసేవారు. అది తిరక్కపోతే డీజిలు మిగులుతుందని. ప్రత్తిపాడు చుట్టుపక్కల అలా ఊడదీసిన షాఫ్టుల్లో సగం ఊడదీసింది బాజీయే.

ఒంగోలు అవతల ఒక గ్రానైటు క్వారీవాళ్లు తమ జీపు అమ్ముతున్నారని తెలిసింది. ఆదెయ్య, అతని బావమరిది వీరబాబు, బాజీ ముగ్గురూ బస్సెక్కి వెళ్లారు. క్వారీ మేనేజరు కూల్‌డ్రింకులు తెప్పించాడు. బాజీ తన సీసా వీరబాబు చేతిలో పెట్టి గోనెపట్టా పరిచాడు. కళ్లు మూసుకుని ఒక్కొక్క షాఫ్టునూ రెండు చేతులా పట్టుకుని మెలితిప్పి చూశాడు. వెంట్రుకవాసి లూజు లేదు. షాఫ్టు చివర్లలో క్రాసులని ఉంటాయి, మనిషి మణికట్టులాగా షాఫ్టు వంగుతూ తిరగడానికి. అవి కొత్తవి. ముందు షాఫ్టుకు కొత్తగా నల్లరంగు కూడా వేసి ఉంది. ఇంజను బాగుంది. ముందు చక్రాల లివరు వేసి రాతిపొడి గుట్ట మీదికి ఎక్కిస్తే నాలుగు చక్రాలూ పట్టి ఎక్కింది. టైర్లు మాత్రం నున్నగా అరిగిపోయాయి. వాటితో హైవే ఎక్కించడం మంచిది కాదని బాజీ స్పీడు చూడలేదు.

బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. “టైర్లు మార్చు ఆదెయ్యా. మార్చేదాకా ముప్ఫై దాటనియ్యొద్దు. మిగతాదంతా నా పూచీ. నాలుగు చక్రాలూ లాగుతయ్యి.”

ఆదెయ్య ముప్ఫై దాటనివ్వకుండానే, ఎద్దులబండి తోలినంత నిదానంగా, జీపును చినగుంటపాలెం చేర్చాడు. వారం తర్వాత గుంటూరులో కొత్త టైర్లు వేయించాడు. తిరిగి వస్తూ ఊరు దాటాక, టైర్లు కొత్తవి కదా అని కొంచెం గట్టిగా తొక్కాడు. నలభై ఐదు దగ్గర మొదలైంది. మొదట కాళ్ల కింద రేకు గిలగిల్లాడింది. తర్వాత సీటు. యాభైకి బండి మొత్తం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. వెనక ఖాళీ పాలక్యాన్ల మూతలు వాటంతట అవే ఊడి దొర్లాయి. వేగం తగ్గిస్తే తగ్గింది. పెంచితే మళ్లీ వచ్చింది.

ఆదెయ్య నోరున్న మనిషి కాదు. జీపు తెచ్చి షెడ్డు ముందు ఆపి, జరిగింది చెప్పి, తాళం బాజీ చేతికిచ్చి కూర్చున్నాడు. వెంట వచ్చిన వీరబాబు అలా కాదు. ఎదురుగా టీకొట్టు దగ్గరకు వెళ్లి, రోడ్డుకు ఇవతలికి వినపడేంత గట్టిగా మాట్లాడాడు.

“మా బావని అని ఏం లాభంలే. అమ్మేవాడి దగ్గర టీ కూడా తాగడంట, అట్టాంటి మనిషని తీసుకెళ్లాడు. ఈసారి దాహమేసినట్టుంది.”

టీకొట్టు దగ్గర నలుగురు నవ్వారు. నలుగురు నవ్వితే పెద్ద లెక్కేమీ కాదు. కానీ ఆ నలుగురూ సాయంత్రానికి నాలుగు ఊళ్లకు వెళ్తారు. కమీషను తీసుకుని బండి అంటగట్టాడన్న మాట ఒకసారి బస్సెక్కిందంటే దాన్ని దించడం ఎవరి తరమూ కాదు. బాజీ ఆ మాట విన్నాడు. షెడ్డు వెనకింట్లో బియ్యం ఏరుతున్న అతని భార్య జోహరాబీ కూడా విన్నది. బాజీ పానా తీసుకుని జీపు దగ్గరకు వెళ్లాడు.

ముందు కొత్త టైర్ల మీద అనుమానపడ్డాడు. నాలుగూ విప్పి, ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చి గుంటూరు రోడ్డు మీద తోలి చూశాడు. వణుకు అలాగే ఉంది. యాభైలో ఉండగా గేరు తీసేసి ఊరికే దొర్లనిచ్చాడు. అయినా తగ్గలేదు. అంటే ఇంజనుదీ, గేరుపెట్టెదీ కాదు, తిరిగే వేటిలోనో ఉంది జబ్బు. వెనక్కి వచ్చి ముందు షాఫ్టు ఊడదీసి షెడ్డులో పడుకోబెట్టి, అది లేకుండా మళ్లీ తోలాడు. యాభై, యాభై ఐదు, అరవై. జీపు నెయ్యి పూసినంత నున్నగా పోయింది.

పక్కన కూర్చున్న ఆదెయ్య ఊపిరి పీల్చుకున్నాడు. షెడ్డు దగ్గర దిగాక, ఇలాగే ఇచ్చెయ్యమన్నాడు. వానలకు ఇంకా రెండు నెలలుంది, అప్పటి సంగతి అప్పుడు చూసుకుందామన్నాడు. డీజిలు కూడా కలిసొస్తుందని వీరబాబు వంతపాడాడు. నిజానికి ఇది అందరూ చేసేదే. ఆ పూట ఆ షాఫ్టు ఒక మూలకు నెట్టేసి, తాళం ఆదెయ్యకు ఇచ్చేసి ఉంటే ఎవరూ బాజీని తప్పుపట్టేవారు కాదు.

బాజీ తాళం చొక్కా జేబులో వేసుకున్నాడు.

“జీపు నీది ఆదెయ్యా. తాళం నా దగ్గరుంటది. నాలుగు చక్రాలూ లాగుతయ్యని చెప్పింది నేను. ఇప్పుడు రెండు చక్రాల బండి చేతిలో పెట్టి పంపిస్తే, ఇందాక మీ బావమరిది అన్నమాట నిజమయిద్ది.”

“నేనేదో నవ్వులాటకి అన్నా,” అన్నాడు వీరబాబు.

“నవ్వినోళ్లు నవ్వులాట అనుకోలా,” అన్నాడు బాజీ.

వాళ్లిద్దరూ ఆటో ఎక్కి వెళ్లిపోయాక షాఫ్టును ఎండలోకి ఈడ్చి కిరసనాయిలుతో కడిగాడు. పాత కత్తితో ఆ నల్లరంగు గీకడం మొదలుపెట్టాడు. షాఫ్టు నిజానికి రెండు ముక్కలు. ఒకదాని చివర పళ్లు ఇంకొకదానిలో దూరి, బండి ఎగిరినప్పుడల్లా జారుతూ పొడుగు పొట్టి అవుతుంటాయి. ఆ రెండు ముక్కల మీదా తయారుచేసినవాళ్లు ఒక్కో బాణం గుర్తు వేస్తారు. రెండు బాణాలూ ఎదురెదురుగా ఉండేట్టు కలిపితేనే రెండు చివర్లలో క్రాసులను పట్టుకునే కొమ్ములూ ఒక వరసలోకి వస్తాయి. రంగు కింద బాణాలు బయటపడ్డాయి. ఒకటి పైకి చూస్తోంది, ఇంకొకటి పక్కకు చూస్తోంది. ఎవరో విప్పి, చూసుకోకుండా కలిపారు.

బాజీ షాఫ్టు పక్కనే కింద కూలబడ్డాడు. కొమ్ములు వరసలో లేవన్న సంగతి పట్టడానికి పన్నెండేళ్ల లారీ షెడ్డు అక్కర్లేదు. కళ్లు తెరిచి ఒక్క చూపు చూస్తే దారినపోయేవాడికైనా తెలుస్తుంది. చేతికి మాత్రం తెలియదు. కొత్త క్రాసులు వేసి ఉన్నాయి కనుక మెలితిప్పితే గట్టిగా ఉంటుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. అతను ఆరోజు కళ్లు మూసుకున్నాడు.

బాణాలు సరిచేసి, బిగించి, తోలి చూశాడు. వణుకు సగం తగ్గింది. సగం మిగిలింది. మళ్లీ ఊడదీశాడు. గాడి పెట్టిన రెండు చెక్కముక్కల మీద షాఫ్టు పెట్టి, జోహరాబీని పిలిచి తిప్పమన్నాడు. తను ఒక సుద్దముక్క గొట్టానికి తగిలీ తగలనట్టు పట్టుకున్నాడు. గొట్టం తిన్నగా ఉంటే సుద్దగీత చుట్టూ పడాలి. ఒక పక్కనే పడింది. అక్కడ రంగు గీకితే ఇనుము నీలంగా కాలిన మచ్చ కనపడింది. క్వారీలో రాయి తగిలి గొట్టం వంగింది. దాన్ని కాల్చి, కొట్టి, తిన్నగా అనిపించేట్టు చేసి, ఆ పైన రంగు పూసి, కొత్త క్రాసులు వేశారు.

జోహరాబీ చేతికంటిన గ్రీజును కొంగుకు అంటకుండా గోనెకు రాసుకుంది. “కళ్లు మూసుకుని చూస్తే ఏం కనపడిద్ది?” అంది.

“ఏం కనపడలా,” అన్నాడు బాజీ.

“మరి పీకేసి ఇచ్చెయ్యరాదూ. అందరికీ చేసింది అదేగా.”

“వాళ్లు పీకమన్నారు, పీకా. ఈయనకి నేను మాటిచ్చా.”

జోహరాబీ మర్నాడు పొద్దున్నే గుంటూరు వెళ్తానన్న మనిషికి కారేజీ కట్టిపెట్టింది.

గుంటూరులో ఆ కొలతకు కొత్త షాఫ్టు దొరకలేదు. బండి పాతది, దాని కొలతే వేరు. పాత ఇనుము కొట్లలో రెండు మూడు చూపించారు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగుదాన్ని కోసి వెల్డింగు పెట్టి సాయంత్రానికి ఇస్తామన్నారు. కోసి అతికిన గొట్టం తిన్నగా తిరగడం అదృష్టం మీద ఆధారపడుతుంది. అదృష్టం మీద వదిలేసే పనయితే ఇంత దూరం రావడం దేనికని బాజీ వెనక్కి బస్సెక్కాడు.

బస్సులో కూర్చుని లెక్కేసుకున్నాడు. ఇన్నేళ్లలో తను ఊడదీసిన ముందు షాఫ్టులు పదకొండు. ఏ ఒక్కటీ అతను మర్చిపోలేదు. మూడు పాత ఇనుము బండివాడికి పోయాయి. ఒకటి యేసుపాదం అనే రైతు పత్తిచేలో గేటుకు అడ్డగడియ అయింది, వానకు తుప్పుపట్టి ఉంటుంది. ఒకటి బోరుగుంతలో పడింది. రెండు నాటు వడ్రంగి చేతిలో పడి మోటారుకు ఊతలయ్యాయి. ఇంకో మూడింటి కొలత వేరు. మిగిలింది పెదనందిపాడు అవతల జానీబీ ఇంట్లోది. ఆమె భర్త జీపు కూడా ఈ జీపు ఈడుదే, ఈ కొలతే. 1996లో ఊడదీసి ఇచ్చేటప్పుడు, గ్రీజు పూసి గోనెలో చుట్టి ఉంచమని ఆమెకే చెప్పాడు. జీపు అమ్మేశారని తర్వాత విన్నాడు. షాఫ్టు సంగతి వినలేదు.

మధ్యాహ్నం మోపెడ్ మీద వెళ్లేసరికి జానీబీ మిరప కల్లం దగ్గర ఉంది. అరవై దాటిన మనిషి. కల్లం మధ్యలో నిలబడి, కూలివాళ్లు తాలుకాయ ఏరుతుంటే ఎవరి చేతులు నెమ్మదిగా కదులుతున్నాయో చూస్తోంది. మబ్బు పట్టి చినుకు రాలుతుందేమోనని కాయల మీదికి లాగడానికి ఒక టార్పాలిను పక్కన సిద్ధంగా ఉంది. దాని అంచుల మీద బరువుకు రాళ్లు, పగిలిన రోలు, గోనెలో చుట్టిన పొడుగాటి వస్తువు ఒకటి. ఆ గోనె చూడగానే బాజీకి ప్రాణం లేచొచ్చింది. మొహం మాత్రం మామూలుగానే పెట్టాడు.

జానీబీ అతన్ని ఎగాదిగా చూసింది.

“ఏంది బాజీ, ఎండన పడొచ్చావు? పీకటానికి మా ఇంట్లో ఇంకేం మిగల్లా.”

“పీకటానికి కాదక్కా. పీకింది అడగటానికొచ్చా.”

ఆమె అతన్ని తేలిగ్గా వదల్లేదు. కూలివాళ్లందరికీ వినపడేట్టు పాత సంగతి ఎత్తింది. షాఫ్టు తీయించిన ఏడాదే, వానాకాలంలో, పత్తి వేసుకుని వస్తుంటే జీపు వాగులో దిగబడిందట. అదే డొంకలో ముందు ఏడాది నాలుగు చక్రాలతో దర్జాగా ఎక్కి వచ్చిన జీపే. రెండు రోజులు అక్కడే ఉండిపోయిందట. పత్తి తడిసి పసుపురంగుకు తిరిగిందట.

“డీజిలు మిగులుద్దన్నావు. మిగిలింది, కాదన్లా. మిగిలిన డీజిలు పెట్టుకుని వాగులో కూర్చున్నాం,” అంది.

కూలివాళ్లు నవ్వారు. షాఫ్టు తీయమన్నది ఆమె భర్తే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కానీ తీస్తే ఏమవుతుందో తెలిసిన మనిషి ఆరోజు అక్కడ ఒక్కడే ఉన్నాడు. అతను చెప్పలేదు.

“చెప్పాల్సింది నేనేనక్కా. రేగట్లో తిరిగే బండికి తీయొద్దని చెప్పుండాల్సింది,” అన్నాడు.

జానీబీ దీనికి సిద్ధంగా లేదు. షాఫ్టు ఎవరికని అడిగి, ఆదెయ్య సంగతి, పాల సంగతి, వీరబాబు సంగతి అంతా చెప్పించుకుంది. విన్నాక గోనె విప్పమంది. ఆరేళ్ల కిందట పూసిన గ్రీజు నల్లగా గట్టిపడి ఉంది. దాని కింద షాఫ్టు కొత్త పెళ్లికొడుకులా మెరిసింది. ఏటా కల్లం అయిపోగానే గోనె మార్చి, కొంచెం ఆముదం రాసి అటక మీద పెట్టిస్తోందట. ఎందుకని బాజీ అడిగితే, పెట్టమన్నది నువ్వేగా అంది.

ఈసారి బాజీ కళ్లు తెరిచే చూశాడు. కల్లం గట్టు మీద రెండు రాళ్ల మధ్య పెట్టి తిప్పి, వంగి, ఒక కన్ను మూసి ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. బాణాలు ఎదురెదురుగా ఉన్నాయి. గొట్టం మీద ఎక్కడా సొట్ట లేదు. అదంతా అయ్యాకే చేతులతో మెలితిప్పాడు. క్రాసులు మాత్రం ఎండిపోయాయి, అవి మార్చాలి.

షాఫ్టు ఇస్తానందిగానీ, గాలి వీస్తే టార్పాలిను లేచిపోతుంది, దాని బరువుకు ఇంకోటి తెచ్చి పెట్టి మరీ ఇది తీసుకెళ్లమంది జానీబీ. బాజీ మళ్లీ ప్రత్తిపాడు వచ్చి, క్వారీవాళ్ల వంకర షాఫ్టు మోపెడ్‌కు కట్టుకుని వెళ్లాడు. దాన్ని టార్పాలిను అంచు మీద పెట్టి, మంచిదాన్ని తీసుకున్నాడు. వంకరదయినా బరువులో రెండూ సమానమే.

మర్నాడు రోజంతా ఆ ఒక్క పనే చేశాడు. ఒక్కో క్రాసుకు నాలుగు చిన్న కప్పులుంటాయి. ఒక్కో కప్పులో లోపల చుట్టూ సూదుల్లాంటి ఇనపకడ్డీలు నిలబడి ఉంటాయి. ఒక్క సూది పక్కకు పడినా కప్పు పూర్తిగా దిగదు. సుత్తితో కొడితే దిగినట్టే కనపడుతుంది, నెల తిరక్కుండా అరిగిపోతుంది. బాజీ గ్రీజు పెట్టి సూదులు నిలబెట్టి, ఒక్కో కప్పు దిగాక కొమ్మును వేలితో ఊపి చూశాడు. ఎక్కడా పట్టకుండా, అలాగని జారిపోకుండా ఊగాలి. ఒకటి కొంచెం పట్టింది. మళ్లీ విప్పాడు. సూది పడిపోలేదు, గ్రీజులో ఇసుకరేణువు ఉంది. ఆ డబ్బా గ్రీజు పక్కన పెట్టేసి కొత్త డబ్బా తెప్పించాడు. బిగించే బోల్టులన్నీ కొత్తవి వేశాడు. గ్రీజు కొట్టే మూతులన్నీ ఒకే పక్కకు వచ్చేట్టు చూసుకున్నాడు, రేపు ఆదెయ్య తనంతట తనే గ్రీజు కొట్టుకోగలిగేట్టు. పని పూర్తయ్యేసరికి మూడున్నర అయింది. అన్నం తినలేదని జోహరాబీ రెండుసార్లు గుర్తుచేసింది. మూడోసారి పళ్లెం మీద మూత పెట్టేసింది.

ఆదెయ్యకు కబురు పంపాడు. వీరబాబును కూడా రమ్మన్నాడు. వాళ్లిద్దరినీ ఎక్కించుకుని తనే తోలుతూ గుంటూరు రోడ్డెక్కాడు. నలభై దాటింది. వీరబాబు డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. నలభై ఐదు. యాభై. ఆదెయ్య ఒకచేత్తో సీటు అంచు పట్టుకునే ఉన్నాడు. అరవైకి వెళ్లాక బాజీ పక్క అద్దం వైపు చూపించాడు. మొన్న వణికినప్పుడు ఆ అద్దంలో వేపచెట్లు కూడా పచ్చటి మరకల్లా కనపడ్డాయి. ఇప్పుడు వెనక వస్తున్న లారీ నంబరు, తిరగేసి ఉన్నా, అంకె అంకె చదవొచ్చు. వీరబాబు నిజంగానే చదివాడు. ఆదెయ్య సీటు అంచు వదిలాడు.

తిరిగి వచ్చాక బాజీ జీపును షెడ్డు దగ్గర కాకుండా టీకొట్టు ముందు ఆపాడు. మొన్న నవ్వినవాళ్లలో ఇద్దరు అక్కడే ఉన్నారు. ఏమయిందని వాళ్లే అడిగారు. వంగిన షాఫ్టుకు రంగు పూసి అమ్మారని, అదంతా క్వారీవాళ్ల మోసమని వీరబాబు హుషారుగా మొదలుపెట్టాడు. బాజీ అతన్ని మధ్యలో ఆపాడు.

“దాచింది వాళ్లే. చూడాల్సింది నేను. కళ్లు మూసుకుని చూశా, కనపళ్లా. తప్పు నాది. కమీషను మాత్రం తీసుకోలా.”

అంతకుముందు అతను తన పని గురించి ఆ కొట్టు దగ్గర ఎప్పుడూ మాట్లాడలేదు. తప్పు నాదని ఒప్పుకున్న మేస్త్రీని ఆ సెంటరులో ఎవరూ చూసి ఉండరు. కొట్టతను గ్లాసులు కడగడం ఆపి చూశాడు. వీరబాబు తల గోక్కున్నాడు. చేసిన పనికి బాజీ కూలి తీసుకోలేదు. ఆదెయ్య జేబులో చెయ్యి పెట్టబోతే, తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు.

తారురోడ్డు మీద నున్నగా పోవడం సగం సంగతే. నాలుగు చక్రాలూ లాగుతాయన్న మాట తేలాల్సింది రేగట్లో. దానికి వాన రావాలి. రెండు నెలలు బాజీ ఆ మాట ఎవరితోనూ ఎత్తలేదు. జూన్ రెండో వారంలో ఒక సాయంత్రం పట్టిన వాన తెల్లవారుజామున తెరిపిచ్చింది. ఆరు కాకముందే బాజీ మోపెడ్ తీశాడు. డొంక మొదట్లో, తారురోడ్డు పక్కన దాన్ని ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని, చేల గట్టు మీద వాగు మలుపు దాకా నడిచాడు. డొంక చూస్తే చెరువు గట్టు తెగినట్టుంది. రాత్రే దిగబడ్డ ఎద్దులబండి ఒకటి ఎడ్లు లేకుండా ఒంటరిగా ఒరిగి ఉంది.

దూరంగా జీపు మోత వినపడింది. తర్వాత జీపు కనపడింది. ఆదెయ్య తోలుతున్నాడు. వెనక ఆరు పాలక్యాన్లు, వాటి మధ్య రెండు చేతులూ చాచి క్యాన్లను పట్టుకుని వీరబాబు. మలుపులోకి దిగగానే వెనక చక్రాలు జారాయి. జీపు ఒక పక్కకు ఈడ్చుకుపోయింది. ఎద్దులబండి వైపు వెళ్తోంది. బాజీ చూస్తోంది వెనక చక్రాలను కాదు. ముందు చక్రాల కింద నుంచి ఒక్కసారిగా నల్లమట్టి పెళ్లలు పెళ్లలుగా లేచింది. పట్టాయి. జీపు ముక్కు తిప్పుకుని, మోకాటిలోతు బురదలోంచి ముందు చక్రాలు లాగుతుంటే, వెనకభాగాన్ని ఈడ్చుకుంటూ గట్టెక్కింది.

గట్టు మీద నిలబడ్డ బాజీ అప్పుడు ఆదెయ్య కంటపడ్డాడు. ఎక్కించుకుందామని వేగం తగ్గించాడు. బాజీ చెప్పులున్న చెయ్యి పైకెత్తి అరిచాడు.

“ఆపొద్దు. పోనియ్. పాలు పోనియ్.”

వీరబాబు క్యాన్లు వదిలి చెయ్యి ఊపాలనుకుని, వదల్లేక, తలూపాడు. జీపు సాగిపోయింది. మిగిలిన డొంకంతా బాజీ కళ్లు విప్పార్చుకుని చూస్తూనే ఉన్నాడు. ముందు చక్రాలు ఒక్కచోట కూడా తిరగడం మానలేదు. రెండు నెలలుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్న బెంగ అతని గుండెల మీదినుంచి దిగింది. దాని స్థానంలో వచ్చినదాన్ని అతను దాచుకోవాలని చూడలేదు. చుట్టూ చేలల్లో ఎవరూ లేరు, అయినా నవ్వుకున్నాడు.

జీపు తారురోడ్డు ఎక్కాక ఒక్క క్షణం ఆగింది. ఆదెయ్య ముందు చక్రాల లివరు తీసేస్తున్నాడన్నమాట. గట్టి రోడ్డు మీద అది వేసి ఉంచితే షాఫ్టు మీద ఒత్తిడి పడుతుంది. తర్వాత జీపు ప్రత్తిపాడు వైపు తిరిగి వెళ్లిపోయింది. అప్పటికి ఆరున్నర.

బాజీ మోపెడ్ దగ్గరకు చేరేసరికి కాళ్లకు పట్టిన రేగడి బూట్లంత మందాన అయింది. పుల్లతో గీకి, రోడ్డు పక్క గుంటలో కడుక్కున్నాడు. యడ్లపాడు నుంచి ఒక రైతు పాత ట్రాక్టరు చూసిపెట్టమని కబురు పంపాడు, తొమ్మిదింటి బస్సు అందుకోవాలి. మోపెడ్ తొక్కి స్టార్టు చేశాడు.